దిఙ్నాగుడి మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే ‘మహా’ అనే మాట ఏడుసార్లు వచ్చింది. మహా తార్కికుడు, మహా మేధావి, మహా గ్రంథకర్త... ఇన్ని ‘మహా’ల మధ్య మనిషి కనబడలేదమ్మా.

‘ఆయన గొప్ప తార్కికుడు, ఎందుకంటే ఎన్నో గ్రంథాలు రాశాడు’ అన్నావు. ఈ వాక్యాన్ని ఆయన చేతికే ఇచ్చి చూద్దాం. పొగ కనిపిస్తోంది కాబట్టి కొండ మీద నిప్పుంది అంటే ఆయన మూడు చూస్తాడు. ఆ పొగ నిజంగా ఆ కొండ మీదే ఉందా? వంటింట్లాంటి నిప్పున్న చోట పొగ కనిపిస్తుందా? చెరువులాంటి నిప్పు లేని చోట ఎక్కడా కనిపించకుండా ఉందా? మూడూ కుదిరితేనే కారణం నిలుస్తుంది. నీ కారణం మొదటి రెండూ దాటింది. మూడో దగ్గర బోల్తా పడింది. పుస్తకాలు గుట్టలుగా రాసి తర్కం ఒంటపట్టనివాళ్ళు ఊరికొకరున్నారు. నావే పద్నాలుగు అచ్చయ్యాయి, మీ అత్తయ్యతో ఒక్క వాదనైనా నెగ్గానా?

కారణం ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తొమ్మిది గళ్ళలో పెట్టి ‘హేతుచక్రం’ అని చిన్న పుస్తకం చేశాడాయన. తొమ్మిదింటిలో నిలిచేవి రెండే. నువ్వేమో ‘తర్కానికి కొత్త రూపం ఇచ్చాడు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. ఆగాల్సింది అక్కడే. ఆయన ముఖ్య గ్రంథం ‘ప్రమాణసముచ్చయం’ ఆరు అధ్యాయాల్లో రెండోది మనకు మనం తెలుసుకునే అనుమానం (సందేహం కాదు, పొగను బట్టి నిప్పును తేల్చుకోవడం) గురించి, మూడోది ఎదుటివాడికి తెలిసేలా చెప్పే అనుమానం గురించి. నువ్వు రెండో అధ్యాయంలోనే ఉండిపోయావు.

దీపాల కథ ఎందుకు వదిలేశావు? కంచి దగ్గర సింహవక్త్రంలో పుట్టి, వాత్సీపుత్రీయులనే బౌద్ధ శాఖవాళ్ళ దగ్గర సన్యసించాడని టిబెట్ సంప్రదాయం. మనిషిలో మాటల్లో చెప్పడానికి వీలుకాని ‘పుద్గలం’, అంటే ‘నేను’ లాంటిది, ఒకటుంది, దాన్ని వెతుకు అన్నాడట గురువు. శిష్యుడు పగలు కిటికీలన్నీ తెరిచి, రాత్రి నాలుగు వైపులా దీపాలు పెట్టి, బట్టలు విప్పేసి ఒళ్ళంతా వెతుక్కున్నాడట. ఏం చేస్తున్నావని అడిగితే, మీరు చెప్పినదాన్నే వెతుకుతున్నాను, కనబడటం లేదు అన్నాడట. అక్కణ్ణుంచి పంపేశారు. తర్వాత వసుబంధుడి శిష్యుడయ్యాడంటారు. ఇందులో ‘అట’లు మాత్రం తీసెయ్యకు. 5వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదట్లో బతికిన మనిషి గురించి వందల ఏళ్ళ తర్వాత రాసుకున్న కథ ఇది. అయినా, ‘పుద్గలవాదాన్ని తిరస్కరించాడు’ అన్న నీ పొడి వాక్యం కంటే ఇందులో వెలుతురు ఎక్కువ.

ఇక ‘మన తెలుగుబిడ్డ’ అన్న మాట కొట్టెయ్యి. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్, ఆంధ్రదేశంలో వేంగీపురం పరిసరాల్లో ఒక ఒంటరి కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా (తర్కశాస్త్ర) గ్రంథం రచించాడని రాశాడు. ఏలూరు దగ్గరి పెదవేగే ఆ వేంగీపురం అంటారు. టిబెట్ వాళ్ళేమో ప్రమాణసముచ్చయం మొదలైంది ఒడిశా గుహలో అంటారు. అక్కడ రాతి మీద సుద్దతో రాసిన మొదటి శ్లోకాన్ని ఎవరో రెండుసార్లు చెరిపేస్తే, మూడోసారి ‘ఆటకైతే చెరపకు, వాదానికైతే ఎదురుగా రా’ అని రాసిపెట్టాడట. రెండు కథలూ రాయి, కలిపెయ్యకు. ఇక్కడ ఉన్నాడనడానికీ ఇక్కడివాడనడానికీ మధ్య కంచికున్నంత దూరం ఉంది.

‘ప్రభావం అపారం’ అన్నావు. అపారాన్ని పాఠకుడెలా చూస్తాడు? కుతార్కికులు పెంచిన అజ్ఞానం పోగొట్టడానికే రాస్తున్నానని న్యాయదర్శనం వాడైన ఉద్యోతకరుడు ‘న్యాయవార్తికం’ మొదలుపెట్టాడు. ఆ తిట్టు ప్రధానంగా తగిలింది మనవాడికే. అభిమాని ధర్మకీర్తి కంటే ఈ శత్రువుతో మొదలుపెడితే చదివేవాడు లేచి కూర్చుంటాడు. ‘మేఘదూతం’లో ‘దిఙ్నాగాల’, అంటే దిక్కుల్ని మోసే ఏనుగుల, లావుపాటి తొండాలను తప్పించుకుపొమ్మని యక్షుడు మేఘానికి చెప్పే చోట, అది దిఙ్నాగుడికి తగిలించిన చురక అన్నాడు మల్లినాథసూరి. కాళిదాసు మనసులో ఉందో లేదో, నాకు అనుమానమే. కానీ వందల ఏళ్ళు గడిచాక, మెదక్ వైపు కొల్చారం వాడనే వ్యాఖ్యాతకు ఏనుగుల్ని చూడగానే ఈ బౌద్ధుడు గుర్తొచ్చాడు. అది రాయి.

పత్రికవాళ్ళ గడువు గురించి టెన్షన్ పడకు, నేను మాట్లాడతాను. ‘మహా’లన్నీ తీసేసి పంపు. ఒకటి ఉంచుతానంటావా, పక్కనే కారణం కూడా రాసి పంపు.

మీ మావయ్య