కో తావోలో దిగిన మొదటి వారం: ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవారికి నా సమాధానం

డైవ్‌మాస్టర్ (స్కూబా డైవర్లను నీటి అడుగున వెంటబెట్టుకుని తిప్పే గైడు) ఇంటర్న్‌షిప్ కోసం థాయ్‌లాండ్ వెళుతున్నానని, మాస్కు, ఫిన్సు, సూటు వగైరాలన్నీ ఇక్కడే కొనుక్కోవాలా అని మీరు అడిగారు. మాస్కు ఒక్కటి మీ ముఖానికి సరిపోయేది చూసి కొనుక్కోండి, మిగిలినవి అక్కడ దొరుకుతాయి. అయితే సామాను సంగతి అలా ఉంచి, మీరు అడగని ఒక మాట చెబుతాను: జలుబు వెంటబెట్టుకుని వెళ్లకండి.

మాది కరీంనగర్ వైపు పల్లె. నడుముకు బెండు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చుకున్నవాణ్ణి. పెద్దయ్యాక అండమాన్‌లో 12 డైవులు చేసి, ఆ ధీమాతో థాయ్‌లాండ్‌లోని కో తావో దీవిలో మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కు డబ్బు కట్టాను. అవును, మనమే కట్టాలి. స్టైపెండ్ ఎంతిస్తారని అడిగిన బంధువులందరికీ ఈ సంగతి వివరించేసరికి సముద్రంలో దూకడమే సులభమనిపించింది. అక్కడ జీతం తీసుకుని పని చేయాలంటే వర్క్ పర్మిట్ ఉండాలి. మనం వెళ్లేది నేర్చుకునేందుకు మాత్రమే.

బ్యాంకాక్ నుంచి చుంఫోన్ రేవుకు రాత్రంతా బస్సు ప్రయాణం. ఆ బస్సులో ఏసీ ఎంత చల్లగా ఉన్నదంటే, ఇచ్చిన పలుచటి దుప్పటి కప్పుకుని, దానిపైన నా తువ్వాలు కూడా చుట్టుకున్నా పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. ఇంకా తెల్లవారకముందే రేవులో దింపేశారు. అక్కడి బల్ల మీద కూర్చుని పడవ కోసం ఎదురుచూస్తున్నప్పుడు మొదటి తుమ్ము వచ్చింది. కో తావోలోని మే హాద్ రేవులో దిగేసరికి ముక్కు పూర్తిగా దిబ్బడ వేసింది.

ఆ మధ్యాహ్నమే నా ఈత, మునక పరీక్షించడానికి ఇన్‌స్ట్రక్టర్ నన్ను పడవ ఎక్కమన్నారు. అంతకుముందు ఇచ్చిన ఆరోగ్య పత్రంలో ముక్కు, చెవుల ఇబ్బందుల గురించి అడిగిన చోట, అంత దూరం వచ్చి ఒడ్డున కూర్చోవడం ఇష్టంలేక, లేవని రాసి సంతకం పెట్టాను. పక్కనే ఉన్న కో నాంగ్ యువాన్ అనే చిన్న దీవి దగ్గర జపనీస్ గార్డెన్స్ అనే లోతు తక్కువ చోట తాడు పట్టుకుని దిగడం మొదలుపెట్టాము. మూడు మీటర్లు దిగానో లేదో, ఎడమ చెవిలో సూది గుచ్చినట్టయింది. నీటిపైన ఒక అట్మాస్ఫియర్ ఉండే ఒత్తిడి పది మీటర్ల లోతుకు చేరేసరికి రెండింతలవుతుంది. ఆ మార్పుకు తగ్గట్టు గొంతు నుంచి మధ్యచెవికి గాలి వెళ్లవలసిన సన్నని గొట్టం నాకు జలుబుతో వాచి మూసుకుపోయింది. అలాంటప్పుడు పైకి రావాలి. నేను మాత్రం ముక్కు మూసుకుని, బలం కొద్దీ ఊది, మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. మూడోసారి మాస్కులో ఎర్రటి నీరు కనబడగానే ఇన్‌స్ట్రక్టర్ నా చేయి పట్టుకుని మెల్లగా పైకి తీసుకువచ్చారు. ఆమెకు నా చెవి కన్నా నా సంతకం మీదే ఎక్కువ కోపం వచ్చింది. పడవ నడిపే పెద్దాయన మాత్రం ఒక నీళ్ల సీసా చేతికిచ్చి “మాయ్ పెన్ రై” అన్నారు. పరవాలేదులే అని దాని అర్థం.

కర్ణభేరి ఎర్రబడిందని, ఐదు రోజులు నీళ్లలోకి దిగవద్దని డాక్టర్ చెప్పారు. ఆ ఐదు రోజులూ ఒక్కొక్కటి పదిహేను కిలోల దాకా తూగే సిలిండర్లను పడవలోకి చేరవేశాను, ప్రతిదానిలో గాలి ఒత్తిడి 200 బార్ ఉన్నదో లేదో చూశాను, ఇతరులు వాడిన సూట్లను మంచినీటి తొట్టెలో ముంచి ఆరవేశాను. చుంఫోన్ పినకిల్ అనే నీటి అడుగు కొండ దగ్గర తిమింగల సొరచేప పక్కన ఈదుతున్నవాళ్ల ఫొటోలు ప్రకటనల్లో వేస్తారు కానీ, రెండు చేతులా సిలిండర్లు మోస్తున్న ఇంటర్న్ ఫొటో ఎవరూ వేయరు. అయినా ఇంటర్న్‌షిప్‌లో ఎక్కువ భాగం ఇదే, దీన్ని చిన్నచూపు చూసేవాడు మంచి డైవ్‌మాస్టర్ కాలేడని నా అభిప్రాయం. ఫోన్‌లో అమ్మ ఏ చేపలు చూశావని అడిగినప్పుడు, అప్పటికి నేను చూసినవన్నీ కంచంలోనివేనని చెప్పలేక మాట మార్చాను.

ఈత పరీక్షకు భయపడకండి. 400 మీటర్ల ఈతకు నాకూ ఆయాసం వచ్చింది. కానీ పదిహేను నిమిషాలు నీటిలో తేలుతూ ఉండి, చివరి రెండు నిమిషాలు చేతులు పైకెత్తి ఉంచవలసిన పరీక్షలో, స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఇద్దరు రొప్పుతుంటే నేను హాయిగా తేలాను. కాలికి నేల తగలని బావిలో నేర్చుకున్నవాడికి నీటితో కొట్లాడకూడదని ఒంటికే తెలుస్తుంది. కాదని నన్ను ఎవరూ ఒప్పించలేరు.

కాబట్టి శిక్షణ మొదలయ్యే తేదీకి కనీసం మూడు రోజుల ముందే దీవికి చేరుకోండి. నవంబరు, డిసెంబరుల్లో అటు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ఆ నెలలు వద్దు. మాత్ర వేసుకుని జలుబుతో దిగవచ్చని తోటివారెవరైనా అంటే వినకండి. నీటి అడుగున ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే, చెవిలో చిక్కుకున్న గాలి పైకి వచ్చేటప్పుడు బాధపెడుతుంది. బస్సు ఎక్కేటప్పుడు స్వెట్టరు, చెవులు కప్పే మంకీ క్యాపు పెట్టెలో కాక చేతి సంచిలో పెట్టుకోండి. మే నెల ఎండల్లో హైదరాబాద్ విమానాశ్రయంలో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.