రంగు వేసే ముందు వాల్‌పేపర్ తీయించు, జిగురు కడిగించు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు మీ అత్తయ్యా నేనూ పెద్దవి చేసుకుని మరీ చూశాం. ఇల్లు బాగుంది, వెలుతురు బాగుంది. పడగ్గదిలో తూర్పు గోడ నిండా ఉన్న ఆ బంగారు పూల వాల్‌పేపర్ చూశాక మాత్రం ఫోన్లో రెండు మాటలు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

పెయింటర్ "కాగితం గట్టిగానే ఉందమ్మా, దాని మీదే లప్పం పెట్టి రంగేసేస్తాం, రెండ్రోజుల్లో అయిపోద్ది" అన్నాడన్నావు. ఒప్పుకోకు. గోడ నునుపుకి పూసే లప్పంలోనూ, రంగులోనూ ఉండే నీళ్లకి కింద జిగురు మళ్లీ నానుతుంది. ముందు అతుకుల దగ్గర సన్నగా లేస్తుంది, తర్వాత బుడగలు, ఆపైన లప్పంతో సహా పెచ్చులు. మాఘంలో పాలు పొంగించుకుంటే ఆషాఢానికల్లా మళ్లీ గోడ గీకించుకోవాల్సి వస్తుంది.

ఇది మా ఇంట్లో జరిగిన పని కాబట్టి చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డ రోజు మా హాల్లో సముద్రం వైపు గోడకి వాన ఈడ్చి కొట్టింది. ఆ చెమ్మ మచ్చలు ఎన్నిసార్లు రంగేసినా తేలుతుంటే విసిగిపోయి వాల్‌పేపర్ అంటించేశాం. చూడ్డానికి కొన్నేళ్లు బాగానే ఉంది. ఒకరోజు సోఫా జరిపితే కింద అంచు లేచి కనిపించింది. పట్టుకుని అరచేతి వెడల్పు ముక్క లాగాను. వెనకంతా ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు, తడి గోనెసంచి వాసన. మీ అత్తయ్యకి పొద్దున లేస్తూనే వచ్చే తుమ్ముల గురించి అప్పటిదాకా మేం ఆ గోడని అనుమానించలేదు. అంతా తీయించాం కానీ, ఆ వచ్చిన మనిషి జిగురు కడక్కుండానే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేసేశాడు. నెల తిరక్కుండా రంగు ఎండిన చెరువు మట్టిలా పగిలింది. కూలీ, రంగు, అన్నీ రెండోసారి పెట్టుకున్నాం.

కాబట్టి ముందు ఒక మూల విప్పి చూడు. నేలకి దగ్గరగా, మంచం వెనకాల పడే చోటైతే మంచిది. నల్లచుక్కలు గానీ, ఉప్పు పూసినట్టు తెల్లటి పొడి గానీ, గోడ చల్లగా మెత్తగా గానీ ఉంటే లోపల చెమ్మ ఉన్నట్టే. అనుమానంగా ఉంటే అడుగున్నర చదరం పాలిథీన్ ముక్కని ఆ చోట నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక పగలు ఒక రాత్రి వదిలెయ్యి. గోడ వైపు నీటి బొట్లు కడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. అప్పుడు బయటి గోడ పగుళ్లో, పైన బాత్రూమ్ పైపో చూపించాక గానీ లోపల రంగు జోలికి వెళ్లొద్దు. తేదీ దగ్గర పడుతోందని టెన్షన్ పడకు. కావాలంటే ఆ ఒక్క గది ఆలస్యంగా చేయించుకోవచ్చు.

గోడ పొడిగా ఉంటే ఇక పని మొదలుపెట్టొచ్చు. మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు వెళ్లే స్విచ్ (ఎంసీబీ) ఆపేసి, స్విచ్ బోర్డుల పైప్లేట్లు విప్పించు. తడి గుడ్డతో పని చేసే చోట కరెంటు ఉండకూడదు, ఇందులో మొహమాటం వద్దు. నేల మీద పాత దుప్పట్లు పరిపించు. జిగురు నీళ్లు టైల్స్ మీద పడితే కాలు నిలవదు.

వాల్‌పేపర్ ఏ రకమో చూసుకో. స్టిక్కర్‌లా వెనకాలే జిగురున్న రకమైతే నీళ్లతో పని లేదు. హెయిర్ డ్రయర్ వేడి కొద్దికొద్దిగా తగిలిస్తూ, గోడకి ఆనించినట్టుగా కిందికి మడిచి నెమ్మదిగా లాగాలి. ఎదురుగా గుంజితే లప్పం పెచ్చు కూడా వెంట వస్తుంది. నీ ఫోటోలో అతుకులు చూస్తే జిగురు రాసి అంటించిన రోల్‌లా ఉంది. అతుకు నుంచి అతుకుకి 53 సెంటీమీటర్లు ఉంటే దాదాపు అదే.

ఆ రకానికి పైన ప్లాస్టిక్ పొర, కింద కాగితం పొర ఉంటాయి. పై పొర నీళ్లు పీల్చదు, అందుకే చాలామంది పైనుంచి తడిపి తడిపి అలిసిపోతారు. అంచు గోరుతో లేపి పై పొరని పొడిగానే ఒలిచెయ్యి. చాలాసార్లు అరటి తొక్కలా వచ్చేస్తుంది. కింద మిగిలిన కాగితాన్ని గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి స్పాంజితో అద్దు. మూడడుగుల వెడల్పు మాత్రమే తీసుకో. పది, పదిహేను నిమిషాలు ఆగు. కాగితం రంగు ముదిరి, వేలితో తోస్తే ముడత పడితే నానినట్టు. అప్పుడు లప్పం పెట్టే నాలుగంగుళాల రేకు పట్టీని గోడకి దాదాపు పడుకోబెట్టి తోస్తే దుప్పటి మడత జరిగినట్టు జరుగుతుంది. గట్టిగా గీకాల్సి వస్తోందంటే నానలేదని అర్థం, మళ్లీ అద్ది ఆగు. పట్టీ నిలబెట్టి గీకితే పడే గాట్లన్నీ తర్వాత లప్పంతో పూడ్చుకోవాలి.

ఒక చోట ప్రయత్నించి గోడ ఎలా తట్టుకుంటుందో చూశాకే మిగతాది తడుపు. సిమెంట్ పుట్టీ గోడైతే నీళ్లకి ఓర్చుకుంటుంది. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) గానీ పాత చాక్ పౌడర్ లప్పం గానీ అయితే మెత్తబడుతుంది. అప్పుడు తక్కువ నీళ్లు, చిన్న చిన్న ముక్కలు. కాగితం కింద పాత డిస్టెంపర్ రంగు ఉంటే నీళ్లకి పాలలా కారుతుంది. అది ఎక్కడ మిగిలినా కొత్త రంగు నిలవదు, పూర్తిగా గీకించెయ్యి.

కాగితం పోయాక గోడ శుభ్రంగా కనిపిస్తుంది. అందరూ ఆగిపోయేది అక్కడే. అరచెయ్యి తడి చేసుకుని గోడ మీద రాయి. బెండకాయ కోసిన చేతిలా జారితే జిగురు ఉన్నట్టే. గోరువెచ్చటి నీళ్లు, స్పాంజి, ప్రతి నాలుగడుగులకీ బకెట్ నీళ్లు మార్చడం, చివర్న మంచినీళ్లతో తుడవడం, ఇవన్నీ చెయ్యి జారకుండా పోయేదాకా చేయించు. పిండి జిగురో కాదో తెలియాలంటే మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక చుక్క నీళ్లలో కలిపి మూలన తాకించు, పిండి ఉంటే నీలిరంగు తిరుగుతుంది. కొందరు ఫెవికాల్ కలిపి అంటిస్తారు, అది నీళ్లకి అంత తేలిగ్గా కరగదు. ఆ చోట్ల గీకి, ఎమరీ పేపర్ పట్టించాల్సిందే.

బూజు కనిపిస్తే పొడిగా దులపకండి, గది నిండా లేస్తుంది. మాస్కు వేసుకుని, కిటికీలు తీసి, ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల నీళ్లు కలిపి తుడవాలి. బ్లీచ్ వాడిన చోట వెనిగర్ గానీ, టాయిలెట్ యాసిడ్ గానీ తగలనివ్వద్దు. బ్లీచ్‌తో వాటిలో ఏది కలిసినా క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

ఇంకొకటి, దీన్ని మాత్రం గట్టిగా పట్టుకో. కింద పాత మెరుపు ఎనామిల్ రంగు పొర కనిపిస్తే పొడిగా రుద్దనివ్వద్దు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మీ ఫ్లాట్ అంతకంటే చాలా పాతది, ఆ పొరలో సీసం ఎక్కువ ఉండొచ్చు. తడిపి రుద్దించు, ఆ రోజులు బాబుని మీ అమ్మ దగ్గర ఉంచు.

తీసిన ప్లాస్టిక్ ముక్కల్ని కింద వాచ్‌మన్ తగలబెట్టకుండా చూడు, ఆ పొగ మంచిది కాదు. పొడి చెత్తలో వేయించు. గోడ కడిగాక ఫ్యాన్ వేసి కనీసం మూడు రోజులు, మబ్బుగా ఉంటే ఐదు రోజులు ఆరనిచ్చి, లప్పం, ఎమరీ, ప్రైమర్, రెండు కోట్లు రంగు. అవి పెయింటర్‌కి వచ్చు, నువ్వు చెప్పక్కర్లేదు. కాగితం తీసి జిగురు కడగడానికి కూలీ విడిగా మాట్లాడుకో. మొత్తం పనికి కలిపి మాట్లాడితే ముందుగా ఎగిరిపోయేది ఆ కడగడమే.

నా దగ్గరున్న రెండు పట్టీలు, ఒక పెద్ద స్పాంజి ఆదివారం మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. ఈలోగా ఆ మూల విప్పి, వెనక ఏముందో ఫోటో పెట్టు. అది చూసే దాకా పెయింటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య