డాక్టర్ సలహా: కార్డు టెస్టులో డెంగీ లేదు, ఎలీసాలో ఉంది.. ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది రాజాం. మా వారికి 42 ఏళ్లు. వినాయక చవితి తర్వాత జ్వరం వస్తే రెండో రోజే ఇక్కడి ల్యాబ్‌లో కార్డు టెస్టు చేయించాం. ఎన్‌ఎస్1, ఐజీఎం నెగెటివ్, ఐజీజీ పాజిటివ్ వచ్చాయి. డెంగీ కాదన్నారు. ఏడో రోజు విజయనగరంలో ఎలీసా అనే రక్తపరీక్ష చేయిస్తే ఐజీఎం పాజిటివ్ వచ్చింది. జ్వరం తగ్గి మూడు వారాలైనా కీళ్ల నొప్పులు పోలేదు. ఏ రిపోర్టు నమ్మాలి? ఐజీఎం నెగెటివ్ వచ్చేదాకా మళ్లీ చేయిస్తూ ఉండాలా?

జవాబు: రెండు రిపోర్టులూ సరైనవే కావచ్చమ్మా. రక్తం ఏ రోజు ఇచ్చారన్నదే ఇక్కడ ముఖ్యం.

ఎన్‌ఎస్1 యాంటీబాడీ కాదు, వైరస్ వదిలే ప్రొటీన్. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో బాగా దొరుకుతుంది. ఐజీఎం అనేది వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీ, నాలుగైదు రోజులైతే గానీ బయటపడదు. కాబట్టి రెండో రోజు ఐజీఎం గీత రాకపోవడంలో వింతేమీ లేదు. మరి ఎన్‌ఎస్1 ఎందుకు రాలేదు? ఐజీజీ గీతను చూడండి, అది ఒకసారి సోకాక చాలాకాలం ఉండిపోయే యాంటీబాడీ. రెండో రోజుకే అది ఉందంటే ఆయనకు గతంలో ఒకసారి డెంగీ సోకి ఉండొచ్చు. అప్పటి యాంటీబాడీలు ఎన్‌ఎస్1ను అంటుకుని కార్డుకు దొరకనివ్వవు. ఇలాంటివారిలో ఒక్కోసారి ఐజీఎం కూడా అంతంతమాత్రంగానే వస్తుంది. ఆ రిపోర్టు చూసి డెంగీ కాదని తేల్చేయడం తొందరపాటే.

కార్డు మీద 15-20 నిమిషాల్లో గీత చూసి చెబుతారు. కిట్‌లో చెప్పిన సమయం దాటాక లేతగా తేలే గీతను లెక్కలోకి తీసుకోకూడదు. రద్దీగా ఉండే ల్యాబుల్లో పొరపాటు జరిగేది ఇక్కడే. ఎలీసాలో 96 గుంటల ప్లేటులో సీరం (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) వేసి, కడిగి, తేలిన రంగును యంత్రంతో కొలుస్తారు. కడగడం సరిగ్గా లేకపోతే తప్పుడు పాజిటివ్ వస్తుంది. కొన్ని గంటల పని, పైగా తగినన్ని నమూనాలు పోగయ్యాకే ప్లేటు వేస్తారు, అందుకే రిపోర్టు ఆలస్యం. అయినా కార్డు పాజిటివ్‌తో నిర్ధారణ అయినట్లు కాదు. ఐదు రోజుల్లోపు ఎన్‌ఎస్1 ఎలీసా, ఆ తర్వాత ఐజీఎం ఎలీసా చేయించాల్సిందే.

ఎలీసాకూ పరిమితులున్నాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) వంటి దగ్గరి వైరస్‌ల యాంటీబాడీలకూ అది స్పందించవచ్చు. ఐజీఎం రెండు మూడు నెలలు రక్తంలో ఉంటుంది. అందుకే పాజిటివ్ వచ్చిందంటే ఈ మధ్య సోకిందని మాత్రమే. మీవారి విషయంలో ఏడో రోజు ఫలితం, జ్వరం తీరు కలిపి చూస్తే డెంగీ అనే అనుకోవాలి.

ఐజీఎం మళ్లీ చేయించకండి. కోలుకున్నారో లేదో అది చెప్పదు, డబ్బు దండగ. నన్ను ఆలోచింపజేస్తున్నది ఆ కీళ్ల నొప్పులు. చేతివేళ్లు, మణికట్లు, చీలమండలు వాచి, పొద్దున్నే పట్టేసినట్లు ఉంటే చికున్‌గున్యా ఐజీఎం ఎలీసా ఒకసారి చేయించండి. రెండింటినీ మోసేది ఒకే దోమ, ఒకే సీజన్‌లో రెండూ రావచ్చు. ల్యాబ్ చీటీ మీద జ్వరం మొదలైన తేదీ తప్పక రాయించండి. పాత రిపోర్టులు రెండూ వెంట తీసుకెళ్లి ఫిజీషియన్‌కు చూపించండి.

ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కార్డు నెగెటివ్ వచ్చినా ప్లేట్‌లెట్లు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) డాక్టరు చెప్పినట్లు చూపిస్తూ ఉండండి. జ్వరం తగ్గే రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు కనిపిస్తే ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.