ఆరుద్ర పురుగుకు ఎన్ని కాళ్లు?

చి.ల.సౌ. శారదకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేం క్షేమం.

చిట్టికి చెట్లూ పిట్టలూ చూసి బొమ్మలు వేసుకునే పుస్తకం మొదలుపెట్టిస్తున్నావనీ, ఆరుద్ర కార్తెలో దాన్ని ఇక్కడికి తీసుకొస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం చేను దగ్గరి బావి.

పన్నెండు వందలు పోసి రంగుల పెట్టె కొన్నావట. ఎందుకమ్మా అంత? గట్టి అట్ట ఉన్న తెల్లకాగితాల నోట్‌బుక్, ఒక పెన్సిల్ చాలు. పెన్ను వద్దు, నాలుగు చినుకులు పడితే సిరా అలుక్కుపోతుంది. పేజీ పైన తేదీ, టైము, చోటు, ఎండో మబ్బో రాయించు. కార్తె కూడా రాయించు. మా నాన్నకు అక్షరం ముక్క రాదు గానీ, ఏ వాన తర్వాత ఏ పురుగు బయటికొస్తుందో వేళ్ల మీద చెప్పేవాడు.

ఇక అసలు సంగతి. అది వేసిన బొమ్మను నువ్వు దిద్దకు.

1986లో మీ అన్నయ్య మూడో తరగతి. నువ్వింకా ఉయ్యాల్లో ఉన్నావు. ఆరుద్రలో వాన వెలిసిన పొద్దున, పెరట్లో కుంకుమ ఒలికినట్టు ఆరుద్ర పురుగులు. వాడు బోర్లా పడుకుని, గడ్డం మట్టికి ఆనించి గంటసేపు చూశాడు. ఒకదాన్ని వేలి మీదికి ఎక్కించుకుంటే అది కాళ్లన్నీ ముడుచుకుని మఖమల్ గుండీలా ఉండిపోయిందట. మళ్లీ కదిలేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తర్వాత లెక్కల నోట్సు వెనక పేజీలో బొమ్మ వేశాడు, అటు నాలుగు కాళ్లు, ఇటు నాలుగు.

నేను అప్పుడే పేపర్లు దిద్దుతున్నాను, చేతిలో ఎర్ర పెన్ను. రెండు కాళ్లు కొట్టేసి, 'కీటకాలకు 6 కాళ్లే' అని పక్కన రాశాను. 'లెక్కపెట్టాను నాన్నా' అన్నాడు. 'నీ లెక్క గొప్పదా, పుస్తకం గొప్పదా?' అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. ఆ తర్వాత బొమ్మ వేయడం నేను చూడలేదు.

రిటైరయ్యే ఏడాది మాటల్లో మాటగా సైన్సు టీచరమ్మ చెప్పింది, అది అసలు కీటకమే కాదట. సాలీడు, తేలు వాటి చుట్టం. గుడ్డులోంచి వచ్చినప్పుడు 6 కాళ్లు, పెద్దదైతే 8. నమ్మలేదు. ఆ ఆరుద్రకు కళ్లజోడు మీద భూతద్దం పట్టుకుని పెరట్లో కూర్చున్నాను. మూడింటిని లెక్కపెట్టాను. ఎనిమిదే.

మీ అన్నయ్యకు ఇంతవరకు చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా వానల గురించీ బీపీ గురించీ మాట్లాడి పెట్టేస్తాను. ఆ నోట్సు ట్రంకు పెట్టెలో ఉంది.

చిట్టి కాకికి ఐదు వేళ్లు వేస్తే, 'మళ్లీ ఒకసారి చూద్దామా' అను, చాలు. బొమ్మలు ఫోన్లో అందరికీ పంపి మెప్పులు కూడగట్టకు.

ఇక్కడికొస్తే గిజిగాళ్లను చూపిస్తాను. మగపిట్ట పచ్చిగడ్డి పోచలు చీల్చి తెచ్చి అల్లుతుంది. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి లోపలికి తొంగిచూస్తుంది, నచ్చితేనే కింద గొట్టం పూర్తవుతుంది. పోచలు పచ్చగా ఉన్నాయా, ఎండాయా అని చిట్టి రోజూ రాసుకోవచ్చు. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ అంతటివాడు 1930లో మహారాష్ట్ర తీరంలోని కిహీం ఊళ్లో కూర్చుని చేసింది ఇదే. ఒకే మగపిట్ట ఒకదాని తర్వాత ఒకటి గూళ్లు అల్లుతుందని, ఒక్కో గూటికి ఒక్కో ఆడపిట్ట చేరుతుందని అలా చూసి తేల్చాడు.

కానీ తల్లీ, ఆ గూళ్లు వేలాడేది సరిగ్గా బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకే. దానికి పిట్టగోడ లేదు, అంచు మట్టి వానకు జారుతుంది. పిట్టను చూసే పిల్ల కాళ్ల కింద చూసుకోదు. ఇవతలి గట్టు మీద చాప వేసి కూర్చోబెడదాం, అక్కణ్నుంచే వేసుకుంటుంది. రాయి లేపాలంటే కర్రతోనే లేపాలి, కింద తేళ్లుంటాయి.

బావికి ఇనుప జాలీ వేయమని మనిషికి చెప్పాను. ఆదివారానికి వేస్తానన్నాడు. వేసినా సరే, దాని చెయ్యి వదలకు.

మీ నాన్న