ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌గా ఆడితే కెరీర్ ఎంతకాలం ఉంటుంది? మా తమ్ముణ్ని ఫార్వర్డ్‌కు మారమని చెప్పాలా?

మీ తమ్ముడికి 17 ఏళ్లు, హనుమకొండలో సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు నడిమిట్ల నిలబడి ఆపే డిఫెండర్‌గా ఆడుతున్నాడు, "గోల్ కొట్టినోనికే పేరు, బ్యాక్‌ల నిలవడితే ఎవ్వడు జూస్తడు" అని దోస్తులూ ఇంట్లోవాళ్లూ అంటున్నారని రాశారు. డిఫెండర్‌గా ఉండి ఎక్కువకాలం నిలబడినవాళ్లు ఉన్నారా అని అడిగారు.

ఉన్నారన్నా. అసలు ఎక్కువకాలం ఆడినవాళ్ల పేర్లు తీస్తే గోల్‌కీపర్ల తర్వాత డిఫెండర్లే ఎక్కువ కనిపిస్తారు. నేను కాజీపేట రైల్వే కాలనీలో పెరిగాను, ఎడమ వైపు కాసే లెఫ్ట్ బ్యాక్‌గా మొదలుపెట్టి జిల్లా జట్టు దాకా ఆడాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. కాబట్టి నా జవాబులో నా అభిమానం కొంత కలిసే ఉంటుంది. అయినా ఒక మనిషి కెరీర్ చెబుతాను, దాన్నిబట్టి మీరే చూడండి.

పావోలో మాల్దీని. ఇటలీవాడు, 1968లో మిలాన్‌లో పుట్టాడు. 1985 జనవరి 20న ఉడినేసె జట్టు మీద రెండో సగంలో ఏసీ మిలాన్ క్లబ్ తరఫున మొదటిసారి మైదానంలోకి దిగాడు. అప్పటికి 16 ఏళ్లు. మీ తమ్ముడి కంటే చిన్నవాడు. చివరి మ్యాచ్ 2009 మే 31న ఫ్లోరెన్స్‌లో ఆడాడు. ఇంకొన్ని వారాలైతే 41 నిండుతాయి. మధ్యలో జట్టు మారలేదు. మిలాన్ తరఫున మొత్తం 902 మ్యాచ్‌లు, అందులో ఇటలీ లీగ్ మ్యాచ్‌లే 647. ఆ 647 రికార్డును 2020లో బుఫోన్ దాటాడు. దాటినవాడు గోల్‌కీపర్ అన్నది గుర్తుపెట్టుకోండి. లీగ్ టైటిళ్లు 7, యూరప్‌లో మేటి క్లబ్‌కిచ్చే యూరప్ కప్పులు 5. మొదటిది 1989లో, ఐదోది 2007లో. రెంటికీ మధ్య 18 ఏళ్లు. ఒక ఫార్వర్డ్‌కు ఇంత దూరం దొరకడం చాలా అరుదు.

వాళ్ల నాన్న చెసారె మాల్దీని కూడా మిలాన్ డిఫెండరే, 1963లో కెప్టెన్‌గా యూరప్ కప్పు ఎత్తినవాడు. పేరున్న ఇంట్లో పుట్టాడు కాబట్టి నడిచిపోయింది అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పేరు మొదటి మ్యాచ్ ఇప్పిస్తుందేమో, తొమ్మిది వందల మ్యాచ్‌లు ఇప్పించదు.

అంతకాలం ఎలా ఆడాడన్నదే మీకు పనికొచ్చే సంగతి. నాకు కనిపించిన కారణం ఒకటే: ఒంట్లో వేగం తగ్గకముందే కన్ను, నిలబడే చోటు, పక్కవాడితో మాట, ఈ మూడూ తయారు చేసుకున్నాడు. కాళ్లు నెమ్మదించేనాటికి అవి పని చేశాయి.

1987లో అర్రిగో సాక్కి అనే కోచ్ మిలాన్‌కు వచ్చాడు. ఈయన పేరున్న ఆటగాడు కాదు. ఒక్కో బ్యాక్ ఎదుటి జట్టులో ఒక్కొక్కడి వెంటే తిరిగే మార్కింగ్ తీసేసి, నలుగురు బ్యాక్‌లూ ఒకే గీత మీద కదలాలన్నాడు. బంతి లేకుండానే, ఉన్నట్టు ఊహించుకుని జట్టు మొత్తాన్నీ అటూ ఇటూ కదిలించేవాడు. తన పద్ధతి మీద నమ్మకం కుదరడానికి ఒక పందెం కూడా పెట్టేవాడు. గోల్‌కీపర్‌తో పాటు నలుగురు బ్యాక్‌లు, తస్సోత్తి, కోస్తాకుర్తా, బరేసి, మాల్దీని, ఒకవైపు. ఎదురుగా పదిమంది. పావుగంటలో ఒక్క గోల్ కొట్టమనేవాడు. కొట్టలేకపోయేవాళ్లని సాక్కి చెప్పుకున్నాడు. ఆ పదిమందిలో గుల్లిట్, వాన్ బాస్టెన్ లాంటి గొప్ప ఆటగాళ్లుండేవాళ్లు.

ఈ పందెం మా పిల్లల దగ్గర నేనూ పెడతాను. నలుగురు బ్యాక్‌లు, ఒక కీపర్, అటువైపు ఎనిమిది మంది. మొదటి వారం గోల్స్ మీద గోల్స్ పడతాయి. ఎవడికివాడు బంతి మీదికి ఉరుకుతాడు, వెనక ఖాళీ అవుతుంది. నెమ్మదిగా ఒకడు "నేనుపోత, నువ్వాగు" అని అరవడం మొదలుపెడతాడు. ఆ అరుపు వచ్చిన రోజునుంచి గోల్స్ తగ్గుతాయి. కాబట్టి మీ తమ్ముడి గురించి నేను అడిగే మొదటి ప్రశ్న వాడెంత వేగంగా ఉరుకుతాడని కాదు, గ్రౌండ్‌లో నోరు తెరుస్తాడా అని. ఇంట్లో మెత్తగా ఉండే పిల్లలు కూడా ఇది నేర్చుకోగలరు. పక్కవాడి పేరు పెట్టి పిలవడం, "ఎన్క మనిషి", "ఎడమకు", "బయటికిరా" అని చెప్పడం. దీన్ని చాలామంది కోచ్‌లు అసలు నేర్పరు, డ్రిబ్లింగే నేర్పుతారు. నాకు బాధ కలిగించే విషయం అది.

ఇక నేను ఎప్పటికీ మరవనిది 1994. ఆ ఏడాది మే 18న ఏథెన్స్‌లో యూరప్ ఫైనల్, మిలాన్, బార్సిలోనా మధ్య. బార్సిలోనాలో రొమారియో, స్టోయిచ్‌కోవ్ అనే పేరున్న ఫార్వర్డ్‌లున్నారు. మిలాన్ నడిమిట్ల నిలబడే బరేసి, కోస్తాకుర్తా ఇద్దరూ సస్పెన్షన్‌లో బయట. మాల్దీని తన ఎడమ వైపు వదిలి, ఫిలిప్పో గల్లి పక్కన సెంటర్‌లో నిలబడ్డాడు. మిలాన్ 4-0తో గెలిచింది. రెండు నెలలు తిరక్కుండానే జూలై 17న కాలిఫోర్నియాలోని పసడీనాలో ప్రపంచ కప్ ఫైనల్. ఎదురుగా మళ్లీ రొమారియో, ఈసారి బ్రెజిల్ అంగీలో, పక్కన బెబెటో. కోస్తాకుర్తా మళ్లీ సస్పెన్షన్, బరేసి మోకాలి ఆపరేషన్ నుంచి అప్పుడే తిరిగొచ్చాడు. మాల్దీని మళ్లీ సెంటర్‌కే వెళ్లాడు. 120 నిమిషాల ఆటలో బ్రెజిల్‌కు ఒక్క గోల్ రాలేదు. పెనాల్టీల్లో ఇటలీ ఓడింది.

మనకు అది అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మొదలైంది. కాలనీలో పక్క క్వార్టర్ అంకుల్ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. అందరి కళ్లూ రొమారియో మీద, ఇటలీ ఫార్వర్డ్ బాజియో మీద. నేను మాత్రం లెఫ్ట్ బ్యాక్‌ను కదా, నా స్థానం ఆటగాడు సెంటర్‌లో ఏం చేస్తాడని చూస్తూ ఉన్నాను. ఆయన కిందపడి బంతి తీయడం తక్కువ. పాస్ రాకముందే ఆ దారిలో ఉంటాడు, లేదా ఫార్వర్డ్ తిరగలేని దూరంలో ఉంటాడు. ఆ రాత్రినుంచి నేను ఆట చూసే తీరు మారింది.

మన గ్రౌండ్‌లు ఈ పాఠం వేరే విధంగా నేర్పాయి. మాది మొరం గ్రౌండ్. జారుతూ ట్యాకిల్ చేస్తే తొడ చర్మం లేచిపోయేది, వారం రోజులు బస్సు సీటు మీద కూడా సరిగ్గా కూర్చోలేం. కాబట్టి నిలబడి ఆడటమే నేర్చుకున్నాం. రైల్వేలో పనిచేసే ఒక పెద్దన్న నలభై దాటాక కూడా మాతో స్టాపర్‌గా, అంటే సెంటర్ బ్యాక్‌గా ఆడేవాడు. పొట్ట వచ్చింది, ఉరకలేడు. అయినా వయసులో సగమున్న మేం ఆయన్ని దాటలేకపోయేవాళ్లం. నన్ను పక్కకు పిలిచి ఒకసారి అన్నాడు: "పిల్లగా, బంతిని జూడకు, వాని నడుము జూడు. కాలు ఎటన్న ఆడిస్తడు, నడుము మాత్రం వాడు వొయ్యే దిక్కే తిరుగుతది." ఈ మాట ఇప్పుడు నేను ప్రతి పిల్లవాడికీ చెబుతాను. మీ తమ్ముడికీ చెప్పండి.

మాల్దీని సహజంగా కుడికాలి ఆటగాడు. ఎడమ వైపు ఆడటం కోసం రెండో కాలు సాధన చేశాడు. మొదట్లో లైన్ పట్టుకుని ముందుకు ఉరికే లెఫ్ట్ బ్యాక్, ముప్ఫై దాటాక నెమ్మదిగా సెంటర్ బ్యాక్. 2002లో నెస్తా అనే సెంటర్ బ్యాక్ మిలాన్‌కు వచ్చాక ఇద్దరూ కలిసి నడిమిట్ల ఆడారు. 2003లో మాంచెస్టర్‌లో యువెంటస్ మీద పెనాల్టీల్లో గెలిచి కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు, వాళ్ల నాన్న ఎత్తిన నలభై ఏళ్లకు. స్థానం మార్చుకోవడమంటే నా దృష్టిలో ఇదీ, వయసుకు తగ్గట్టు అదే గీత మీద చోటు మారడం. మీ ఇంట్లో చెబుతున్న మార్పు వేరు.

అంతా గెలుపే అనుకోకండి. ఇటలీకి 126 మ్యాచ్‌లు ఆడి నాలుగు ప్రపంచ కప్పుల్లో దిగినా ఒక్క కప్పూ గెలవలేదు. 2002 తర్వాత జాతీయ జట్టు వదిలేశాడు, 2006లో ఆయన లేకుండా ఇటలీ గెలిచింది. 2005లో ఇస్తాంబుల్ ఫైనల్‌లో మొదటి నిమిషంలోనే గోల్ కొట్టాడు, సగం ఆటకు మిలాన్ 3-0 ముందుంది, చివరికి లివర్‌పూల్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. అప్పటికి 36 ఏళ్లు. ఆ వయసులో అలాంటి దెబ్బ తిన్నవాడు మానేస్తాడనుకుంటాం. ఆయన మానలేదు. రెండేళ్లకు అదే లివర్‌పూల్ మీద 2-1తో గెలిచి, 38 ఏళ్ల వయసులో మళ్లీ కప్పు ఎత్తాడు. ఆ చివరి ఏళ్లలో మోకాళ్లు బాగా బాధించాయి కూడా.

పేరు రాదన్న మాట గురించి. అది నిజమే, దాచను. చెరువు నిండుగా ఉన్నన్నాళ్లూ కట్టను ఎవరూ చూడరు. మ్యాచ్‌లో నాలుగు గోల్స్ ఆపినా పేపర్‌లో పేరుండదు, ఒక్కటి వదిలితే ఊరంతా అంటుంది. మాల్దీని లాంటివాడే ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్‌లో రెండుసార్లు, 1994లోనూ 2003లోనూ, మూడో స్థానంతో ఆగాడు. మీ తమ్ముడికి ఈ సంగతి ఇప్పుడే తెలిస్తే మంచిది. అయితే సెలెక్టర్లు పేపర్ చూసి ఎంపిక చేయరు. గట్టి బ్యాక్ కోసం ప్రతి జట్టూ వెతుకుతూనే ఉంటుంది. మా చుట్టూ ఫార్వర్డ్‌లం అని చెప్పుకునేవాళ్లు వీధికి పదిమంది.

ఫార్వర్డ్‌కు మారి మెరిసిన డిఫెండర్ లేడా అంటే, ఉన్నాడు, మన దేశంలోనే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన్ని కుట్లతోనే ఫార్వర్డ్‌గా దించాడు. సెమీస్‌లో గోల్, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఫైనల్‌లో గోల్, బంగారు పతకం. అవసరానికి ముందుకు వెళ్లాడు, తర్వాత మళ్లీ వెనక్కే వచ్చి డిఫెండర్‌గానే ఆడి భారత కెప్టెన్ అయ్యాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ నయీముద్దీన్ కూడా డిఫెండరే, హైదరాబాద్‌వాడు. ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి, నాకైతే మనసు చివుక్కుమంటుంది.

ఉద్యోగం సంగతి చిన్నగా చెబుతాను. ఆటే జీతమయ్యేది కొద్దిమందికే. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది, దానికి సర్టిఫికెట్లూ చదువూ రెండూ కావాలి. ఇంటర్, డిగ్రీ ఆపనివ్వకండి. మే నెల ఎండలో మధ్యాహ్నం ప్రాక్టీస్ వద్దు, తెల్లవారుజామున చేయమనండి. మోకాలు వాచినప్పుడు కట్టు కట్టుకుని ఆడనివ్వకండి, ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. భారత జట్టు డిఫెండర్ సందేశ్ ఝింగన్ 2019లో మోకాలి లిగమెంట్ తెగి ఒక సీజనంతా కూర్చున్నాడు. గాయం పూర్తిగా మానాకే మైదానంలో దిగాడు, మళ్లీ దేశానికి ఆడాడు.

ఇక రోజూ అరగంట ఎడమ కాలితో మాత్రమే గోడకు బంతి కొట్టమనండి. సెలెక్షన్‌కు వెళ్లినప్పుడు ఫారంలో డిఫెండర్ అనే రాయించండి, పక్కన లెఫ్ట్ బ్యాక్ కూడా ఆడగలనని రాయమనండి. ఎడమ వైపు నమ్మకంగా ఆడే బ్యాక్‌లు నేను చూసిన జట్లలో ఎప్పుడూ తక్కువే, ఆ ఒక్క మాటతో చివరి లిస్టులో చోటు దొరికిన పిల్లలను నేను చూశాను.