అమెరికాలో ఏదైనా చిన్న ఊరి నుంచి వచ్చిన ప్రముఖుల గురించి చెప్తారా?

చెప్తాను. అయోవా రాష్ట్రంలో గ్రిన్నెల్ అని ఒక ఊరు ఉంది. జనాభా సుమారు 9,500. అందులోనూ పదిహేడు వందల మంది దాకా అక్కడి గ్రిన్నెల్ కాలేజీ పిల్లలే. మన లెక్కలో చిన్న మండల కేంద్రం కన్నా తక్కువ.

నేను అయోవా రాజధాని డెమాయిన్‌లో ఆరేళ్లు ఉన్నాను. అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీల పుణ్యమా అని తెలుగువాళ్లకి కొదవ లేదు. వారాంతం వస్తే మ్యాడ్రిడ్‌లో ఉన్న గుడికి వెళ్లడం (స్పెయిన్ కాదు, అయోవాలోనే ఆ పేరుతో ఒక ఊరుంది), లేకపోతే ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజు. తూర్పు వైపు చికాగో వెళ్లేటప్పుడు ఐ-80 మీద గ్రిన్నెల్ బోర్డు ఎన్నిసార్లు దాటిపోయానో లెక్కలేదు. ఎప్పుడూ ఆగలేదు. ఒక నవంబరులో కారు ఆల్టర్నేటర్ పోయి, 182వ ఎగ్జిట్ దగ్గర బండి మొరాయించింది. టో చేసి గ్యారేజీలో పడేశారు. పార్టు రావడానికి నాలుగు గంటలు పడుతుందన్నాడు మెకానిక్. చలిలో చేతులు జేబుల్లో పెట్టుకుని ఊళ్లోకి నడిచాను.

నాలుగు వీధుల కూడలిలో ఒక పాత బ్యాంకు కనబడింది. బయటికి ఉత్త ఇటుకల పెట్టె. కానీ తలుపు పైన గుండ్రటి కిటికీ, దాని చుట్టూ టెర్రకోటతో చేసిన నగిషీ చూస్తే కాళ్లు ఆగిపోతాయి. చికాగోలో ఆకాశహర్మ్యాలకు రూపం ఇచ్చినవాళ్లలో ఒకడైన లూయీ సలివాన్ 1914లో కట్టిన భవనం అది. అప్పటికి ఆయనకి పెద్ద పనులు రావడం తగ్గిపోయి, ఇలాంటి చిన్న ఊళ్ల బ్యాంకులు కడుతూ ఉన్నాడు. ఇప్పుడు దాన్ని ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి వివరాలు చెప్పే చోటుగా వాడుతున్నారు. లోపల ఉన్న పెద్దావిడ ఏం చేస్తుంటావని అడిగింది. సాఫ్ట్‌వేర్ అనీ, చదివింది మాత్రం కాకినాడలో ఎలక్ట్రానిక్స్ అనీ చెప్పాను. "అయితే బాబ్ నాయిస్ తెలిసే ఉంటాడుగా, మా ఊరివాడే" అంది.

తెలియకపోవడం ఏమిటి! ఐసీ (మొత్తం సర్క్యూట్‌ని ఒకే ముక్కలో ఇమిడ్చే చిప్పు) చాప్టర్ మొదటి పేజీలో దాన్ని కనిపెట్టిన ఇద్దరి పేర్లుండేవి. జాక్ కిల్బీ, రాబర్ట్ నాయిస్. నాయిస్ అంటే సిగ్నల్‌ని పాడుచేసే రొద కదా, ఆ పేరున్నవాడు ఎలక్ట్రానిక్స్‌లోకి ఎలా వచ్చాడ్రా అని హాస్టల్లో జోకులు వేసుకునేవాళ్లం. కిల్బీ కూడా పల్లె వాతావరణంలోనే పెరిగాడు, కాన్సస్‌లో గ్రేట్ బెండ్ అనే ఊళ్లో. అది వేరే కథ.

నాయిస్ 1927లో పుట్టింది గ్రిన్నెల్‌లో కాదు, అదే రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో. తండ్రి చర్చి పాస్టరు, నలుగురు కొడుకుల్లో ఇతను మూడోవాడు. పన్నెండేళ్లప్పుడు గ్రిన్నెల్ వచ్చారు. ఆ వయసులోనే అన్నతో కలిసి మనిషి పట్టే గ్లైడర్ కట్టి, కాలేజీ గుర్రపుశాల కప్పు మీద నుంచి దూకాడు. తర్వాత అదే కాలేజీలో ఫిజిక్స్‌లో చేరాడు.

ఇక పంది సంగతి. ఆ పెద్దావిడ ఆ కథ చెప్తుంటే ఆవిడ మొహంలో సంబరం చూడాల్సింది. 1948లో హాస్టల్ కుర్రాళ్లు హవాయి తరహా విందు పెట్టుకున్నారు. దానికి పందిని నిప్పుల మీద కాల్చాలి. పంది తెచ్చే బాధ్యత నాయిస్, అతని స్నేహితుడు నెత్తిన వేసుకున్నారు. రాత్రికి రాత్రి పక్క పొలంలోంచి పాతిక పౌన్ల పందిని ఎత్తుకొచ్చారు. తెల్లారాక మనసు ఆగక, డబ్బు ఇచ్చేద్దామని రైతు దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నారు. తీరా చూస్తే ఆయన ఊరి మేయరు! పశువుల మీద బతికే రాష్ట్రం కాబట్టి అక్కడ పశువుల దొంగతనం అంటే పెద్ద నేరం, జైలు దాకా వెళ్తుంది. ఫిజిక్స్ మాస్టారు గ్రాంట్ గేల్, కాలేజీ ప్రెసిడెంటు మధ్యలో పడి నచ్చజెప్పాక కేసు లేకుండా ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో పోయింది. ఆ నెలలు నాయిస్ న్యూయార్క్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కల పని చేశాడు. (నేను జీతం తిన్నది కూడా ఇన్సూరెన్స్ కంపెనీలోనే కాబట్టి ఈ ముక్క నాకు బాగా నచ్చింది.)

తిరిగి వచ్చేసరికి గేల్ మాస్టారు ట్రాన్సిస్టర్ (సర్క్యూట్లో కరెంటును పెంచడానికీ ఆపడానికీ వాడే బుల్లి భాగం) మోజులో ఉన్నారు. అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబరులో పుట్టి, 1948లో లోకానికి తెలిసిన వస్తువు అది. మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీకి అంత తొందరగా దాని సంగతి ఎలా అందింది? ట్రాన్సిస్టర్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన జాన్ బార్డీన్, గేల్ విస్కాన్సిన్‌లో చదివిన రోజుల నుంచి ఎరిగినవారు. బెల్ ల్యాబ్స్ ప్రెసిడెంటు ఆలివర్ బక్లీ ఏమో సాక్షాత్తూ గ్రిన్నెల్ పూర్వ విద్యార్థి. మనవాళ్లు రిఫరల్ అంటారే, అదన్నమాట! నాకు ఈ ఊరి కథ అంతా ఇక్కడే అర్థమైంది. మట్టిలో మహిమ లాంటిదేం లేదు. ఒకరికి ఒకరు తెలుసు, తెలిసినవాడిని ఇంకొకరు వదిలిపెట్టరు. ఆ ఒక్క సెమిస్టర్ దగ్గర గేల్ అడ్డుపడకపోతే నాయిస్ దారి ఎటు పోయేదో.

తర్వాతిది మీకు తెలిసే ఉంటుంది. 1953లో ఎంఐటీ డాక్టరేట్, 1957లో స్నేహితులతో కలిసి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే చిప్పుల కంపెనీ, 1959లో ఐసీ పేటెంటుకి దరఖాస్తు, 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్. 1990లో పోయాడు. నోబెల్ బతికున్నవాళ్లకే ఇస్తారు, అందుకే 2000లో ఐసీకి గాను కిల్బీకి అది వచ్చినప్పుడు పక్కన నాయిస్ లేడు. ఇంకో తమాషా ఉంది. సస్పెండ్ అయిన ఈ కుర్రాడే పెద్దయ్యాక ఆ కాలేజీ ట్రస్టీ అయ్యాడు. ఇంటెల్ పెట్టినప్పుడు కాలేజీ తరఫున 3 లక్షల డాలర్లు అందులో వేశారు. అందులో లక్ష కాలేజీది, మిగతా రెండు లక్షలు జోసెఫ్ రోజెన్‌ఫీల్డ్, సామ్యూల్ రోజెన్‌థాల్ అనే ఇద్దరు ట్రస్టీలు చెరో లక్ష ఇచ్చినవి. 1974లో ఆ వాటా అమ్మితే సుమారు కోటి 40 లక్షల డాలర్లు వచ్చాయి.

నాయిస్ కన్నా ముందు తరంలో హ్యారీ హాప్కిన్స్ ఉన్నాడు. ఈయనా ఇక్కడ పుట్టలేదు, 1890లో సూ సిటీలో పుట్టి చిన్నప్పుడే వచ్చాడు. తండ్రి గుర్రాలకి జీనులు, కళ్లేలు అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. 1912లో ఇక్కడే డిగ్రీ పూర్తి చేసి, న్యూయార్క్ మురికివాడల్లో సేవాపనికి వెళ్లాడు. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పేదల సాయం బాధ్యత ఈయనకి అప్పజెప్పాడు. 1933-34 చలికాలంలో 40 లక్షల మందికి పని ఇప్పించాడు. 1935లో డబ్ల్యూపీఏ మొదలుపెట్టాడు. రోడ్లు, బళ్లు, వంతెనలు కట్టించి కూలి ఇచ్చే పథకం అది. మొత్తం మీద దాని కింద పని చేసినవాళ్లు 85 లక్షల మంది దాకా ఉంటారు. మా తాతగారు "కరువు పనులు" అనేవారు, ఇప్పుడు మనం ఉపాధి హామీ అంటున్నాం. ఊహ అదే. కడుపులో క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన మనిషి, వైట్‌హౌస్‌లోనే కాపురం ఉండి, యుద్ధకాలంలో చర్చిల్ దగ్గరికీ స్టాలిన్ దగ్గరికీ రూజ్‌వెల్ట్ దూతగా వెళ్లాడు. చుట్టూ తిప్పకుండా అసలు విషయానికి వస్తాడని చర్చిల్ ఈయనకి ఒక ప్రభువు బిరుదు తగిలించి ఏడిపించేవాడట.

ఆ పథకంలో పని పోయిన నటులకీ చోటు పెట్టాడు హాప్కిన్స్. వాళ్లేం తక్కువ, వాళ్లకీ ఆకలేస్తుంది కదా అని. దాన్ని నడపడానికి ఎవరిని పిలిచాడనుకున్నారు? హాలీ ఫ్లానగన్‌ని. గ్రిన్నెల్‌లోనే పెరిగి, అదే కాలేజీలో ఆయనకన్నా ఒక ఏడాది ముందు, 1911లో పాసైన ఆవిడ. మళ్లీ అదే రిఫరల్. 1935 నుంచి నాలుగేళ్లు ప్రభుత్వ డబ్బుతో దేశమంతా నాటకాలు ఆడించింది. 1938లో కమ్యూనిస్టుల కోసం వెతికే కాంగ్రెస్ కమిటీ ఆవిడని పిలిచి నిలదీసింది. మాటల్లో ఆవిడ క్రిస్టఫర్ మార్లో పేరెత్తితే, ఒక సభ్యుడు ఆయన కమ్యూనిస్టా అని అడిగాడు. మార్లో షేక్స్పియర్ కాలంవాడు, పోయి మూడున్నర శతాబ్దాలు కావస్తోంది. హాలంతా నవ్వింది. కానీ 1939లో పథకానికి డబ్బులు ఆపేశారు, అంతటితో సరి.

గ్యారిక్ కూపర్ అని నేను పొరపాటుగా విన్న పేరు నిజానికి హాలీవుడ్ హీరో గ్యారీ కూపర్‌ది. ఆయన కొన్నాళ్లు ఇక్కడ చదివి వదిలేశాడు. ఆయన్ని ఈ ఊరి ఖాతాలో వేయడం నాకు ఒప్పుకాలేదు, బ్యాంకులోని పెద్దావిడతో అనలేదు గానీ.

మరి ఇంతకీ ఈ ఊళ్లో పుట్టినవాళ్లు ఎవరూ లేరా అని అడిగాను. ఎడిత్ రెన్‌ఫ్రో స్మిత్ పేరు చెప్పింది. 1914లో గ్రిన్నెల్‌లోనే పుట్టిన నల్లజాతి మహిళ. అమ్మమ్మ, తాతయ్య బానిసలుగా పుట్టినవాళ్లు. ఇంట్లో ఆరుగురు పిల్లలూ కాలేజీ చదివారు. 1937లో ఆ కాలేజీ నుంచి డిగ్రీ తీసుకున్న మొదటి నల్లజాతి మహిళ ఈవిడే. తర్వాత చికాగోలో టీచరుగా పని చేసింది, నూరేళ్లు దాటి జీవించింది. నాకు మిగతా అందరికన్నా ఈవిడ కథే బరువుగా అనిపించింది. చికాగోలో వాళ్ల ఇరుగుపొరుగు హాంకాక్ కుటుంబం. ఆ ఇంటి అబ్బాయి హెర్బీ ఇంజనీరింగ్ చదువుతానని గ్రిన్నెల్ వచ్చి, మధ్యలో సంగీతానికి మారి, 1960 బ్యాచ్‌లో బయటికొచ్చాడు. జాజ్ వినేవాళ్లకి హెర్బీ హాంకాక్ ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఊరికి పేరిచ్చిన జొసాయా గ్రిన్నెల్ కూడా పాస్టరే. 1854లో స్థలాలు అమ్మేటప్పుడు, సారా అమ్మితే స్థలం వెనక్కి తీసుకుంటాం అని దస్తావేజుల్లోనే రాయించాడు. బానిసత్వాన్ని గట్టిగా ఎదిరించినవాడు. 1859లో బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్, బానిసలను విడిపించి ఉత్తరానికి తీసుకుపోతూ ఈయన ఇంట్లోనే ఆగాడు.

గ్యారేజీ నుంచి ఫోను వచ్చేసరికి చీకటి పడింది. మర్నాడు ఆదివారం మా ఆవిడనీ పిల్లలనీ తీసుకుని మళ్లీ వెళ్లాను. బ్యాంకు తలుపు మూసి ఉంది. కిటికీని బయటి నుంచే చూశారు. హేజల్‌వుడ్ శ్మశానంలో హాప్కిన్స్ సమాధి ఉందని పెద్దావిడ చెప్పింది గానీ, చలికి పిల్లలు కారు దిగనన్నారు. మీరు వెళ్తే మే, సెప్టెంబరు మధ్యలో, శని ఆదివారాలు కాకుండా మామూలు రోజుల్లో వెళ్లండి. కాలేజీలో నాయిస్ పేరుతో సైన్స్ సెంటరు ఉంది, గేల్ మాస్టారి పేరుతో నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీ ఉంది. పంది పేరుతో మాత్రం ఏదీ కనబడలేదు.