పాత మిడ్-సెంచరీ మోడర్న్ ఇల్లు బయటి నుంచి అందంగా కనబడాలంటే ఏం చేయాలి?

1950లు, 60ల నాటి ఈ ఇళ్లకి కొత్తవి తగిలించే ముందు, అడ్డుగా ఉన్నవి తీసేయండి. వీటి అందమంతా నేలకి సమాంతరంగా సాగిపోయే పైకప్పు గీతలోనే ఉంది. కిటికీల ముందు ఏపుగా పెరిగిన పొదలు దాన్ని కప్పేస్తాయి. వాటిని తగ్గిస్తే సగం పని అయినట్టే.

తర్వాత ముందు తలుపు. చెక్కుడు పనేమీ లేని నున్నటి తలుపుకి నారింజ రంగో, నెమలికంఠం రంగో వేయండి. గోడలు మాత్రం బూడిద, మట్టి రంగుల్లో అణిగి ఉండాలి, అప్పుడే తలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇల్లు కట్టినప్పటి ఇటుక గోడ ఉంటే దయచేసి పెయింట్ వేయకండి. తేమ బయటికి పోలేక పెచ్చులు లేస్తాయి, ఆ పెయింట్ తీయడం మహా కష్టం. ఇంటి నంబరుకి సన్నటి లోహపు అంకెలు, తలుపు పక్కన బంతిలా గుండ్రంగా ఉండే ఒక గ్లోబ్ లైటు చాలు.